బండిమీది ఏరియల్ : సంచార రేడియో కథ

ఆంధ్ర తీరానికి తుపాను కొత్త కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. ఆనాటి గాలికి బాపట్లలో తలదాచుకొనడానికి చర్చిలో చేరినవారిపై ఆ కట్టడమే కూలి సుమారు నూరుగురు మరణించినారు. స్తంభాలు ఒరిగి, తీగలు తెగి, బాటలు మునిగి, జరిగిన నష్టమెంతో బయటి లోకానికి తెలియడానికే వ్యవధి పట్టింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు తంతితీగల కాలం ఎన్నడో వెళ్లిపోయింది. ప్రతివారి జేబులోను సెల్‌ఫోను ఉన్నది. అయినా నగరం మూగపోయింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఆ తీరానికి ఎంతో దూరం లేని నల్లరేగడి నేలల్లో పత్తి, మిర్చి పండించే పర్చూరు ప్రాంతం ఉన్నది.

సెల్‌ఫోను కూడా రేడియోయే గదా, మరి అది ఎందుకు మూగపోయింది? జవాబు సులభం. చేతిలోని ఫోను పలికేది దగ్గరలోని టవరుతో మాత్రమే. ఆ టవరుకు విద్యుత్తు కావాలి. అక్కడి నుండి మాటను ముందుకు మోసుకుపోవడానికి భూమిలోని కేబులో, మరొక టవరో కావాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఫోను పనికిరాదు. కావున తుపాను తరువాత కావలసినది ఎవరిమీదా ఆధారపడని రేడియో. తన విద్యుత్తును, తన ఏరియల్‌ను, తన మనుషులను తానే మోసుకొని పోగల బండి కావాలి. అందులోనే వండుకొని, అందులోనే పడుకొని, అవసరమైన చోటికి కదలిపోగలిగితే మరీ మంచిది.

అటువంటి బండికి ఏ రేడియో కావాలి? ఏ ఏరియల్ కావాలి? సాధారణంగా ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్ల సెట్టు?" అని. నూరేళ్లకు పైబడిన సంచార రేడియో చరిత్ర మాత్రం వేరొక ప్రశ్నను ముందుకు తెస్తుంది. ఏరియల్ ఎంత పొడవు, ఎంత ఎత్తు, దాని కాళ్లక్రింద ఏమున్నది? ఇంటిమీద ఈ ప్రశ్నను తేలికగా పరిష్కరించవచ్చును. బండిమీద కుదరదు. చక్రాలమీది రేడియో చరిత్రంతా ఈ చిక్కుతో మనిషి పడిన పెనుగులాటయే.

మొదటి పాఠం : దక్షిణాఫ్రికా మైదానం

1887-88 సంవత్సరాలలో హైన్రిక్ హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు విద్యుత్ మెరుపుతో విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించి, గదిలో మరొకచోట వాటిని పట్టి చూపినాడు. మార్కోనీ ఆ తరంగాలను గదినుండి బయటకు నడిపించినాడు. ఏరియల్ తీగను ఎత్తుగా కట్టి, రెండవ కొసను భూమికి కలిపితే తరంగాలు చాలదూరం పోతాయని ఆయన గ్రహించినాడు. ఈ రెండు సంగతులు, అనగా ఎత్తు, భూమితోడి సంబంధం, ఈ కథలో చివరివరకు వస్తూనే ఉంటాయి.

1899 చివర బోయరు యుద్ధం కొరకు మార్కోనీ సెట్లను, వాటిని నడిపే మనుషులను బ్రిటిషు సైన్యం దక్షిణాఫ్రికాకు తీసుకొనిపోయినది. బండ్లలో సెట్లు ఉన్నవి గాని ఏరియల్ నిలబెట్టడానికి తగిన స్తంభాలు లేవు. వెదురు బొంగులను ముడిచి నిలబెడితే ఆ పొడి ఎండకు చీలిపోయినవి. గాలిపటాలతోను, బెలూన్లతోను తీగను పైకెత్తి చూచినారు. గాలి ఉంటే పటం ఎగిరేది, లేకుంటే రాలేది. పైగా ఆ ఎండిన నేల విద్యుత్తును సరిగా ప్రవహింపనీయదు. కొన్నాళ్లకు సైన్యం విసిగి సెట్లను వదలివేసినది. 1900లో వాటిని నౌకాదళం తీసుకొని యుద్ధనౌకలమీద అమర్చినది. అక్కడ ఎత్తైన ఓడస్తంభాలు సిద్ధంగా ఉన్నవి; క్రింద విద్యుత్తును చక్కగా ప్రవహింపనిచ్చే ఉప్పునీరు ఉన్నది. సెట్లు అవే. నేలమీద విఫలమైనవి సముద్రం మీద చక్కగా పనిచేసినవి!

1901లో మార్కోనీ ఒక థార్నీక్రాఫ్ట్ ఆవిరి బండిపై రేడియోను అమర్చినాడు. బండి పైకప్పుమీద పొగగొట్టం వంటి పెద్ద లోహపు గొట్టం నిలబెట్టినాడు. అదే ఏరియల్. బండి ప్రయాణించేటప్పుడు దానిని పడుకోబెట్టి, ఆగినప్పుడు లేపే ఏర్పాటు ఉండేది. వంతెనలు, చెట్లకొమ్మలు తగలకుండా పోవాలంటే ఏరియల్ పొట్టిగా ఉండాలి; మాట దూరం పోవాలంటే ఎత్తుగా ఉండాలి. ఈ రెండు కోరికలకు మధ్య రాజీ మార్గాన్ని ఆ మొదటి బండియే చూపినది. కదిలేటప్పుడు ఒక రూపం, ఆగినప్పుడు మరొక రూపం.

రెండవ పాఠం : పోలీసు కార్లు

తరువాతి మెట్టు అమెరికా పోలీసులది. 1928లో డెట్రాయిట్ నగర పోలీసులు కార్లలో రేడియోలు పెట్టినారు. అవి వినడానికే గాని పలకడానికి కావు. కేంద్రం నుండి ఉత్తరువు వస్తుంది. విన్నామని చెప్పాలంటే కారు ఆపి టెలిఫోను వెదకుకోవలసినదే. 1933లో న్యూజెర్సీ రాష్ట్రపు బేయోన్ పట్టణ పోలీసుకార్లలో రెండువైపుల మాటలాడే రేడియోలు వచ్చినవి. నేడు మనం "టూ-వే రేడియో" అనేది ఇదే.

కారులో మరొక శత్రువు ఉన్నది. పెట్రోలు ఇంజనులోని స్పార్కు ప్లగ్గు క్షణక్షణమూ మెరుపును పుట్టిస్తుంది. హెర్ట్జ్ తన గదిలో పుట్టించినది కూడా అటువంటి మెరుపే. అనగా ప్రతి పెట్రోలు కారూ ఒక చిన్న హెర్ట్జ్ యంత్రం. అది తన రేడియోలో తానే గరగరలు పుట్టిస్తుంది. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంటు పొందిన ఎఫ్.ఎం. పద్ధతి ఈ చిక్కును తగ్గించినది. పాత ఏ.ఎం. పద్ధతిలో ధ్వనిని అనుసరించి తరంగపు బలం మారుతుంది. ఇంజను గరగర కూడా తరంగపు బలాన్నే తాకుతుంది గనుక రెండూ కలిసిపోతాయి. ఎఫ్.ఎం.లో బలం మారదు. పౌనఃపున్యం, అనగా సెకనుకు జరిగే కంపనాల సంఖ్య, ధ్వనిని బట్టి మారుతుంది. కనుక బలంలోని హెచ్చుతగ్గులను గ్రాహక యంత్రం కత్తిరించివేసినా మాట చెడదు. 1940లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులకు డేనియల్ నోబుల్ ఈ పద్ధతిలో రెండువైపుల రేడియో వ్యవస్థను ఏర్పరచినాడు. రెండవ ప్రపంచయుద్ధంలో సైనికుడు వీపున మోసిన వాకీ-టాకీ కూడా ఎఫ్.ఎం. పద్ధతిదే. నేటికీ దగ్గరదూరాల బండి రేడియోలలో ఎఫ్.ఎం. విరివిగా వాడుకలో ఉన్నది. డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు లేదు గాని, దాని బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు కొంత గోల చేస్తుంది. అందుకే రేడియో తీగలను తిన్నగా బ్యాటరీకే కలపడం మంచిది.

పర్చూరులో ఒక లెక్క

ఇక మన నేలకు వద్దాం. సహాయక బృందపు బండి ఒకటి పర్చూరులో ఆగినదనుకొందాం. సరళరేఖలో కొలిస్తే అక్కడినుండి చీరాల సుమారు 19 కి.మీ., బాపట్ల 23 కి.మీ., గుంటూరు 42 కి.మీ., ఒంగోలు 57 కి.మీ., హైదరాబాదు సుమారు 250 కి.మీ. దూరంలో ఉన్నవి. ఈ దూరాలన్నిటికీ ఒకే రేడియో, ఒకే ఏరియల్ సరిపోతాయా? సరిపోవు. ఎందుకో చూద్దాం.

దగ్గరి దూరాలకు వాడేది అత్యధిక పౌనఃపున్యం గల వి.హెచ్.ఎఫ్. తరంగాలు. అమెచ్యూర్ రేడియోవారికి మన దేశంలో కేటాయించిన 144-146 మెగాహెర్ట్జ్ పట్టీని ఉదాహరణగా తీసుకొందాం. ఒక మెగాహెర్ట్జ్ అనగా సెకనుకు 10 లక్షల కంపనాలు. తరంగాల వేగం సెకనుకు 3 లక్షల కి.మీ. గనుక, 300ను మెగాహెర్ట్జ్‌ల సంఖ్యతో భాగిస్తే తరంగ దైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 145 మెగాహెర్ట్జ్‌కు అది సుమారు 2 మీటర్లు.

ఈ తరంగాలు దాదాపు వెలుతురు వలె తిన్నగా పోతాయి. భూమి గుండ్రన గనుక కొంతదూరం పోయేసరికి నేల క్రిందికి వంగిపోతుంది. తరంగం మాత్రం పైకి సాగిపోతుంది. గాలిపొరలు తరంగాన్ని కొద్దిగా క్రిందికి వంచుతాయి. ఆ వంపును కూడా కలుపుకొని శాస్త్రజ్ఞులు ఒక సులభమైన సూత్రం ఇచ్చినారు. ఏరియల్ ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ ఏరియల్‌కు కనిపించే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. రెండువైపుల ఏరియల్‌ల దిగంతాలను కూడితే అవి మాటలాడుకొనగల దూరం తెలుస్తుంది.

రెండు జీపులమీద ఏరియల్‌లు నేలనుండి 2.25 మీటర్ల ఎత్తున ఉన్నవనుకొందాం. 2.25కు వర్గమూలం 1.5. దానిని 4.12తో గుణిస్తే 6.2. రెండు జీపులకూ కలిసి 12.4 కి.మీ. అనగా పర్చూరు జీపు చీరాల జీపుతో మాటలాడలేదు! 10 వాట్ల సెట్టు తీసి 50 వాట్ల సెట్టు పెట్టినా దిగంతం దగ్గరకు రాదు. దిగంతపు అంచున కొంచెం బలహీనంగా వినిపించే మాట కొంత స్పష్టమవుతుంది, అంతే.

ఇప్పుడు పర్చూరులో ఆగిన బండి 16 మీటర్ల మడత స్తంభాన్ని పైకెత్తిందనుకోండి. 16కు వర్గమూలం 4. దానికి దిగంతం 16.5 కి.మీ. జీపుది 6.2 కలిపితే 22.7 కి.మీ. చీరాల అందినది, బాపట్ల అంచున ఉన్నది. ఏదైనా గుట్టమీద 225 మీటర్ల ఎత్తున ఏరియల్ పెడితే వర్గమూలం 15. దానికీ జీపుకూ కలిసి దాదాపు 68 కి.మీ. వస్తుంది. అందుకే గుట్టలపైనా, ఎత్తైన భవనాలపైనా "రిపీటరు" అనే యంత్రాన్ని పెడతారు. అది ఒక పౌనఃపున్యంలో మాట విని, అదే క్షణంలో మరొక పౌనఃపున్యంలో తిరిగి పలుకుతుంది. అయితే తుపానులో దానికి కూడా విద్యుత్తు పోవచ్చును. కనుక బండి దానినే నమ్ముకోరాదు.

ఇది చదునైన నేలకు వేసిన లెక్క. మధ్య తోటలు, మేడలు, ఇనుప షెడ్లు ఉంటే దూరం తగ్గుతుంది. ఆ విషయంలో పర్చూరు మైదానం అనుకూలమైనదే. పత్తిచేను, మిర్చిచేను తరంగానికి అడ్డు నిలిచేంత ఎత్తు పెరగవు.

కప్పు ఏరియల్‌లో సగభాగం

145 మెగాహెర్ట్జ్‌కు బండిమీద సాధారణంగా వాడేది పావు తరంగపు ఏరియల్. 2 మీటర్లలో నాలుగవ వంతు, అనగా సుమారు అర మీటరు పొడవుగల ఉక్కు పుల్ల. ఇంత చిన్న పుల్ల ఎట్లా పనిచేస్తుంది? అది ఒంటరిగా పనిచేయదు. హెర్ట్జ్ ఏరియల్‌కు రెండు చేతులుండేవి; మొత్తం పొడవు అర తరంగం. బండిమీద ఒక చేయి ఆ పుల్ల, రెండవ చేయి బండి కప్పు. నిలువుటద్దం ముందు అర్ధచంద్రాకారపు బిళ్లను పెడితే నిండు చంద్రుడు కనిపించినట్లు, లోహపు కప్పులో పుల్లకు ప్రతిబింబం ఏర్పడి అర తరంగం పూర్తవుతుంది.

దీనినిబట్టి ఏరియల్‌ను ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. కప్పు నడిమధ్య పెడితే చుట్టూ సమానమైన లోహం ఉంటుంది గనుక మాట నాలుగు దిక్కులకూ సమంగా పోతుంది. వెనుక బంపరుకు కట్టితే లోహమంతా ఒకవైపే ఉంటుంది. బండి శరీరం అడ్డువస్తుంది. ఒక దిక్కున బలంగాను, మరొక దిక్కున బలహీనంగాను వినిపిస్తుంది.

నివాసానికి అనువుగా కట్టిన బండ్లలో ఇంకొక చిక్కు ఉన్నది. బరువు తగ్గించడానికి వాటి పైకప్పును తరచు ఫైబరుగ్లాసుతో చేస్తారు. ఫైబరుగ్లాసు విద్యుత్తుకు అద్దం కాదు, కిటికీ. దానిమీద అయస్కాంతపు అడుగుగల ఏరియల్ అంటుకొనను కూడా అంటుకొనదు. అల్యూమినియం కప్పు అద్దంగా పనికివస్తుంది గాని అయస్కాంతం దానికీ అంటదు. ఫైబరు కప్పుకు మూడు ఉపాయాలున్నవి. ఏరియల్ స్థానం చుట్టూ కనీసం అర మీటరు వ్యాసార్ధంతో రాగి లేక అల్యూమినియం రేకును కప్పులోపల పరచవచ్చును. లేదా ఏరియల్ అడుగునుండి నాలుగు దిక్కులకూ పావు తరంగపు తీగలను చాపవచ్చును. లేదా కప్పుపై అంతగా ఆధారపడని అర తరంగపు ఏరియల్‌ను ఎన్నుకోవచ్చును.

సెట్టుకూ ఏరియల్‌కూ మధ్య ఉండే కేబుల్‌ను చాలామంది పట్టించుకోరు. సన్నని కేబుల్‌ను 16 మీటర్ల పొడవున వాడితే ఈ పౌనఃపున్యంలో శక్తిలో దాదాపు సగం అందులోనే వేడిగా మారిపోతుంది. స్తంభం ఎక్కించి సంపాదించినదానిలో కొంత ఈ విధంగా జారిపోతుంది. కనుక స్తంభానికి మందమైన, నష్టం తక్కువగల కేబుల్ కావాలి. 50 వాట్ల సెట్టుకు పెట్టే డబ్బులో కొంత మంచి కేబుల్‌కు పెట్టితే 25 వాట్లతోనే అంత పని జరుగుతుంది.

హైదరాబాదుకు దారి ఆకాశం

బాపట్ల, చీరాలలకు వి.హెచ్.ఎఫ్. చాలు. మరి సుమారు 250 కి.మీ. దూరాన ఉన్న హైదరాబాదు మాటేమిటి? ఏ స్తంభమూ అంత దిగంతాన్ని చూపలేదు. ఇక్కడ ఆకాశం సహాయానికి వస్తుంది. భూమికి సుమారు 60 కి.మీ. పైనుండి సూర్యకిరణాల తాకిడికి వాయుకణాలు విద్యుదావేశం పొంది ఏర్పడిన పొరలున్నవి. దీనినే అయనమండలం అంటారు. ఇందులో పై పొర సుమారు 300 కి.మీ. ఎత్తున ఉంటుంది. అది 145 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆపలేదు. 7 మెగాహెర్ట్జ్ వంటి హెచ్.ఎఫ్. తరంగాలను మాత్రం పగటిపూట వెనుకకు వంచి భూమికి పంపగలదు. రాత్రి సూర్యుడు లేనందున పొర పలుచనౌతుంది. అప్పుడు 7 మెగాహెర్ట్జ్ తప్పించుకొనిపోతే 3.5 మెగాహెర్ట్జ్‌కు దిగవలసివస్తుంది.

విద్యార్థులు ఒక పటం గీసి చూడవచ్చును. పర్చూరు, హైదరాబాదు రెండు బిందువులు; మధ్య దూరం 250 కి.మీ. నడిమధ్యన, 300 కి.మీ. ఎత్తున అద్దం వంటి పొర. తరంగం ఏ కోణంలో పైకి పోవాలి? సగం దూరం 125, ఎత్తు 300. కోణపు టాంజెంటు 300/125, అనగా 2.4. పట్టికలో చూస్తే కోణం సుమారు 67 డిగ్రీలు. అంటే తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి పోవాలన్నమాట.

ఇక్కడనే బండిమీది పుల్ల రెండు విధాల ఓడిపోతుంది. మొదటిది పొడవు. 7 మెగాహెర్ట్జ్ తరంగ దైర్ఘ్యం సుమారు 43 మీటర్లు. పావు తరంగం 10 మీటర్లకు పైమాటే. రోడ్డుమీద పోయే బండి అంత ఏరియల్‌ను మోయలేదు. 2.5 మీటర్ల పుల్లకు తీగచుట్టను కలిపి, తక్కువైన పొడవును విద్యుత్తు దృష్ట్యా పూరిస్తారు. అప్పుడు సెట్టు ఆ ఏరియల్‌ను అంగీకరిస్తుంది గాని లోపం పూర్తిగా తీరదు. లెక్కవేస్తే అటువంటి పొట్టి పుల్ల తరంగాలుగా వెలువరించే శక్తికి సమానమైన నిరోధం ఒకటిన్నర ఓముకు మించదు. తీగచుట్టలోను, బండి క్రింది నేలలోను వృథా అయ్యే నిరోధం పది ఓములకు పైగానే ఉండవచ్చును. కనుక 100 వాట్లు పంపితే ఆకాశానికి చేరేది పది పన్నెండు వాట్లు, మిగిలినదంతా వేడి. నల్లరేగడి తడిసినప్పుడు ఇసుకనేలకంటె, రాతినేలకంటె విద్యుత్తును బాగా ప్రవహింపనిస్తుంది గనుక ఆ ప్రాంతంలో నష్టం కొంత తగ్గుతుంది. దక్షిణాఫ్రికా ఎండునేలలో మార్కోనీ మనుషులు పడిన బాధకు ఇది విరుగుడు.

రెండవ ఓటమి దిక్కు విషయంలో. నిలువు పుల్ల తన ప్రక్కలకు తరంగాలను పంపుతుంది గాని, తన నెత్తిమీదికి పంపదు. మనకు కావలసినదేమో 67 డిగ్రీల కోణం. చాలదూరపు దేశాలతో మాటలాడడానికి నిలువు పుల్ల మంచిదే. పొరుగు జిల్లాతో, రాజధానితో మాటలాడడానికి అదే అడ్డు.

మరి ఉపాయం? మార్కోనీ ఆవిరి బండి చెప్పినదే. ఆగినప్పుడు రూపం మార్చాలి. బండిలో ఒక తీగ చుట్ట, రెండు తాళ్లు, ఒక కేబుల్ ఉంటే చాలు. మెగాహెర్ట్జ్‌ల సంఖ్యతో 142.5ను భాగిస్తే అర తరంగపు తీగ పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు అది సుమారు 20 మీటర్లు. దీనిని మధ్యకు తెగగొట్టి రెండు పది మీటర్ల ముక్కలు చేసి, నడుమ కేబుల్‌ను కలిపి, ఐదారు మీటర్ల ఎత్తున అడ్డంగా కట్టాలి. తీరంలో తాటిచెట్లు దొరుకుతాయి. గాలికి అవి కూలితే బండి స్తంభమే ఉన్నది. ఇంత తక్కువ ఎత్తున అడ్డంగా కట్టిన తీగ తన శక్తిలో ఎక్కువభాగాన్ని నిట్టనిలువుగా పైకి పంపుతుంది. దూరదేశాలకు ఇది లోపం. మనకు ఇదే కావాలి. కొద్దిపాటి ఖర్చుతో కట్టిన ఈ తీగముందు, వేలరూపాయల పుల్ల తలవంచవలసినదే.

తీగ కట్టేటప్పుడు, స్తంభం లేపేటప్పుడు ఒక హెచ్చరిక మరువరాదు. పైన కరెంటు తీగలున్నవేమో ముందు చూడాలి. తుపాను తరువాత కరెంటు లేదని నమ్మి ముట్టుకోరాదు. పిడుగుల వేళ స్తంభాన్ని దించివేయాలి.

సెట్టు, బ్యాటరీ

ఏరియల్ సంగతి తేలిన తరువాత సెట్టు ఎన్నిక కష్టం కాదు. గాజు వాల్వుల కాలంలో బండి బ్యాటరీ విద్యుత్తును కొన్ని వందల వోల్టులకు పెంచడానికి ప్రత్యేక యంత్రాలు కావలసివచ్చేవి. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత క్రమంగా ఆ బరువంతా పోయింది. నేటి సెట్టు 12 వోల్టుల బ్యాటరీమీదనే పనిచేస్తుంది.

బండికి రెండు సెట్లు కావాలి. మొదటిది వి.హెచ్.ఎఫ్. ఎఫ్.ఎం. సెట్టు, 25 నుండి 50 వాట్లు చాలును. రెండవది హెచ్.ఎఫ్. సెట్టు, సాధారణంగా 100 వాట్లది దొరుకుతుంది. 100 వాట్లు పలికేటప్పుడు అది సుమారు 20 ఆంపియర్ల విద్యుత్తును లాగుతుంది. 100 ఆంపియర్-గంటల బ్యాటరీ ఐదు గంటలు పలికేసరికి ఖాళీ అవుతుంది. వినేటప్పుడు ఖర్చు చాల తక్కువ. అందుకే అనుభవజ్ఞులు తక్కువ పలికి ఎక్కువ వింటారు. ఇంజనును స్టార్టు చేసే బ్యాటరీని వేరుగా ఉంచుతారు. రేడియోకు వాడి వాడి బండినే కదలకుండా చేసుకొనడం సంచార కేంద్రానికి తగదు గదా!

శక్తి పెంచితే ఏమి వస్తుందో కూడా గుర్తుంచుకోవాలి. అడ్డులేని చోట దూరాన్ని రెట్టింపు చేయాలంటే శక్తిని నాలుగు రెట్లు చేయాలి. అనగా బ్యాటరీ కూడా దాదాపు నాలుగు రెట్లు త్వరగా ఖాళీ అవుతుంది. ఏరియల్‌ను నాలుగు రెట్లు ఎత్తు చేస్తే దాని దిగంతం రెట్టింపౌతుంది. ఆ ఎత్తుకు బ్యాటరీ ఒక్క ఆంపియరు కూడా చెల్లించనవసరం లేదు. పైగా శక్తి పెంచితే మన మాట అవతలివారికి బలంగా వినిపిస్తుంది గాని, అవతలివారి మాట మనకు బలంగా వినిపించదు. మంచి ఏరియల్ రెండుపనులూ చేస్తుంది. ఆపదలో ఉన్నవాడి చేతిలో ఉండేది 5 వాట్ల చిన్నసెట్టు మాత్రమే. వాడి మాట మనకు వినిపించడమే అప్పుడు ముఖ్యం.

తెలుగునాట అమెచ్యూర్ రేడియో

ఈ విద్యను జీతం కోసం కాక అభిరుచితో నేర్చినవారిని అమెచ్యూర్ రేడియోవారు, లేక "హాం"లు అంటారు. 1983లో హైదరాబాదులో ఎస్. సూరి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థను స్థాపించినారు. విద్యార్థులకు, ఉద్యోగులకు శిక్షణ ఇచ్చి, ఆపదవేళ కేంద్రాలు నడపడం దాని పనులలో ఒకటి.

2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వాన ఒక బృందం అండమాను దీవులకు వెళ్లి పోర్టుబ్లెయిరులో కేంద్రం పెట్టినది. అరుదైన ఆ దీవులనుండి ప్రపంచపు హాంలతో మాటలాడడం వారు పోయిన పని. డిసెంబరు 26వ తేదీ ఉదయం భూకంపం, సునామీ వచ్చినవి. వినోదానికి తెచ్చిన సెట్లు, ఏరియల్‌లు ఆ క్షణంనుండి బంధువుల క్షేమసమాచారాలను దీవులనుండి దేశానికి చేరవేసే సాధనాలైనవి. వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ దూరాన్ని దాటించినది గొప్ప గొప్ప టవర్లు కావు. బ్యాటరీ, సెట్టు, ఏరియల్, అయనమండలం. 2014లో హుద్‌హుద్ తరువాత విశాఖపట్నంలో కూడా హాంలు సమాచార సేవకు దిగినారు.

ఈ సెట్లను ఎవరైనా కొని వాడవచ్చునా? వాడరాదు. ఆకాశంలోని పౌనఃపున్యాలు పరిమితం; విమానాలు, ఓడలు, పోలీసులు అందరూ వాటిని పంచుకోవాలి. అమెచ్యూర్ రేడియో వాడుకకు పరీక్ష రాసి కేంద్రప్రభుత్వపు లైసెన్సు పొందాలి. మన దేశపు కాల్ సైన్‌లు చాలవరకు "వి.యు." అక్షరాలతో మొదలౌతాయి. 12 ఏళ్లు నిండిన విద్యార్థి కూడా ఈ పరీక్ష రాయవచ్చును. అందులో అడిగేది ఓము సూత్రం, తరంగ దైర్ఘ్యం, అయనమండలం వంటి విషయాలు. అనగా ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రపు మెట్టు ఎక్కినవారికి అందేవే.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తరగతిలోనే పరీక్షించి చూపవచ్చును. తమ ఊరినుండి జిల్లా కేంద్రం ఎంత దూరమో పటంలో కొలిపించాలి. పాఠశాల మేడ ఎత్తు ఎంతో నీడను కొలిచి లెక్కకట్టించాలి. ఆ మేడపై ఏరియల్ పెడితే రేడియో దిగంతం ఎంతో 4.12తో గుణించి చెప్పమనాలి. ఏ ఊర్లు అందుతాయి, ఏవి అందవు, అందని ఊరికి మాట చేరాలంటే ఏ తీగ ఎంత పొడవున కట్టాలి? ఈ లెక్కను తుపాను రాకముందు వేసి ఉంచుకొన్న ఊరికి, వచ్చిన తరువాత వెదకుకొనే ఊరికి చాల భేదం ఉన్నది. తీగలు తెగిన రాత్రి బాపట్లనుండి వచ్చే పిలుపు పర్చూరు బండికి వినపడుతుందా లేదా అనేది ఆనాడు కొనే వాట్లు తేల్చేది కాదు; ముందే వేసిన లెక్క, ముందే కట్టి చూచుకొన్న ఏరియల్ తేల్చేది.